సైలెన్సర్ ఎవరి సొత్తు?

మోటారు సైకిలులోని భాగాలన్నింటిలోకి సైలెన్సర్ స్థితి విచిత్రమైనది. చక్రాలు, బ్రేకులు, సీటు, హ్యాండిల్ - ఇవన్నీ ప్రధానంగా బండి నడిపేవాని సౌకర్యం కోసం, భద్రత కోసం ఉన్నవి. సైలెన్సర్ మాత్రం బండి ఎక్కనివాని కోసం అమర్చినది. దారిన పోయే వృద్ధుడు, మేడ గదిలో పరీక్షకు చదువుకునే విద్యార్థి, ఆసుపత్రి మంచం మీద నిద్రపట్టక పొర్లే రోగి - వీరిలో ఎవరూ ఆ బండి ధరలో పైసా చెల్లించలేదు. అయినా వీరి నిమిత్తం యజమాని తన డబ్బుతో కొని, తన బండి మీద మోయవలసిన భాగం అది. అందువల్లనే కాబోలు, దానిని ఊడదీసి పారవేయాలన్న కోరిక పుట్టినంత తేలికగా మరే భాగం విషయంలోనూ పుట్టదు. ఆ కోరిక తీర్చడానికి దేశ రాజధానిలో, పార్లమెంటు భవనానికి ఐదారు కిలోమీటర్ల దూరంలో, ఒక బజారే వెలసి ఉన్నది.

కరోల్ బాగ్ పేరు తెలుగువారికి కొత్త కాదు. దాని పక్కనే ఉన్న ఓల్డ్ రాజేంద్ర నగర్‌లో సివిల్స్ పరీక్షలకు చదివే మన యువకులు వందల సంఖ్యలో కనిపిస్తారు. 1947లో దేశ విభజన అనంతరం పశ్చిమ పంజాబ్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన కాందిశీకులు ఎందరో కరోల్ బాగ్‌లో స్థిరపడి, చిన్న చిన్న వ్యాపారాలతో దానిని ఉత్తర భారతంలోని పెద్ద బజార్లలో ఒకటిగా తీర్చిదిద్దారు. అందులో హర్‌ధ్యాన్ సింగ్ రోడ్డు, నాయీవాలా గల్లీల ప్రాంతం మోటారు సైకిళ్ల రాజ్యం. ముఖ్యంగా బుల్లెట్ల రాజ్యం. లడఖ్‌కు, స్పితికి బయలుదేరే యాత్రికులు దేశం నలుమూలల నుంచి, విదేశాల నుంచి కూడా ఇక్కడికే వచ్చి బండి కొంటారు, లేదా అద్దెకు తీసుకుంటారు. సామాను కట్టుకునే ఇనుప చట్రాలు, పెట్రోలు డబ్బాల పట్టీలు, క్లచ్ వైర్లు, అన్నీ అక్కడే అమర్చుకుంటారు. వాటితోపాటు, దాదాపు ఒక ఆచారంగా, సైలెన్సర్ కూడా మార్పించుకుంటారు.

చప్పుడులో అధికారం

బుల్లెట్ చరిత్ర తెలియకుండా ఈ ఆచారం అర్థం కాదు. ఇంగ్లండులోని రెడిచ్ పట్టణంలో పుట్టిన ఈ బండిని స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలో భారత సైన్యం సరిహద్దు గస్తీకి ఎంచుకున్నది. 1955లో మద్రాసులో దీని తయారీకి పునాది పడింది. తర్వాత తిరువొత్తియూరు కర్మాగారం దీనికి స్వస్థలమయింది. కన్నతల్లి వంటి ఇంగ్లీషు కంపెనీ కాలగర్భంలో కలిసిపోయినా, మద్రాసు బిడ్డ బ్రతికి బట్టకట్టింది. 1994లో ఐషర్ సంస్థ చేతికి వచ్చాక దాని దశ తిరిగింది.

పాత 350 బుల్లెట్ ఇంజనులో ఒక్కటే సిలిండర్. దాని వ్యాసం 70 మిల్లీమీటర్లయితే పిస్టను నడక 90 మిల్లీమీటర్లు. నడక పొడవు, ఫ్లైవీలు బరువు. అందువల్ల ఇంజను తొందరపడదు. ఒక్కొక్క పేలుడూ విడివిడిగా, గుండె కొట్టుకున్నట్లుగా వినిపిస్తుంది. మన పల్లెల్లో ఒక తరం వారికి ఆ చప్పుడు వినగానే తట్టేది ఇద్దరే: ఊరి మోతుబరి, లేదా పోలీసు స్టేషన్ ఎస్సై. బండి కంటికి కనపడకముందే అరుగు మీది వారు లేచి నిలబడేవారు. ఆ చప్పుడులో అధికారం ఉండేది. నేడు కరోల్ బాగ్‌లో వేల రూపాయలు పోసి కుర్రవాళ్లు కొనుక్కుంటున్నది ఇనుప గొట్టాన్ని కాదనీ, అరుగు మీదివారిని లేపి నిలబెట్టే ఆ పాత అధికారపు ముక్కననీ నా అనుమానం.

పోతపోసిన ఇనుప ఇంజను 2010 ప్రాంతంలో అంతరించింది. కాలుష్య నియమాలు బిగుసుకున్న కొద్దీ కొత్త ఇంజనులు మెత్తబడ్డాయి. 2017 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు వచ్చాయి. కార్బురేటర్ పోయి ఇంధనాన్ని లెక్కగట్టి చిమ్మే యంత్రాంగం వచ్చింది. పొగగొట్టంలో విషవాయువులను విరిచే కాటలిటిక్ కన్వర్టర్ స్థిరపడింది. బండి శుభ్రపడిన మేరకు దాని గొంతు తగ్గింది. ఆ తగ్గిన గొంతును తిరిగి పెంచి అమ్మడమే ఈ గల్లీల వర్తకం.

గల్లీలో ఒక మధ్యాహ్నం

గురుగ్రామ్‌లో ఉద్యోగం చేస్తున్న మా బంధువుల కుర్రవాడు ఒకడు మనాలీ మీదుగా లేహ్ వెళ్లడానికి తన బుల్లెట్‌ను సిద్ధం చేయించుకుంటూ, నన్ను కూడా ఆ గల్లీకి తీసుకువెళ్లాడు. తెనాలి ప్రాంతంవాడు. బండి 2018 నాటి 350 సీసీది, కార్బురేటర్ ఉన్నది.

దుకాణాల ముందు గొట్టాలు చెరకు గడల మాదిరిగా వేలాడుతుంటాయి. ఒక్కొక్క ఆకారానికి ఒక్కొక్క పేరు: షార్ట్ బాటిల్, లాంగ్ బాటిల్, మెగాఫోన్, డాల్ఫిన్, పంజాబ్, ఇందోరీ. గోల్డ్‌స్టార్ అన్నది ఒకనాటి ఇంగ్లీషు పందెపు బండి పేరు. ఆ బండిని కంటితో చూడని కుర్రవాళ్లు దాని గొట్టం నమూనాను పేరుపెట్టి అడుగుతారు. బేరం ధర మీద కన్నా చప్పుడు మీదే ఎక్కువగా సాగుతుంది. బరువుగా కావాలా, పలుచగా కావాలా, లోపలి జాలీ ఉంచాలా, తీసివేయాలా అన్నదే ప్రశ్న.

అమర్చే పని చూడడానికి తేలిక. ఇంజను చల్లారాక సిలిండర్ తలకు బెండ్ పైపును పట్టి ఉంచిన నట్లను వదులు చేస్తారు. వెనుక చట్రానికి సైలెన్సర్‌ను బిగించిన బోల్టులను విప్పుతారు. పాత గాస్కెట్ తీసి కొత్తది వేస్తారు. తెలిసిన మేస్త్రీ అయితే బోల్టులన్నింటినీ మొదట వదులుగానే ఎక్కించి, గొట్టం ఎక్కడా బిగపట్టకుండా ఒద్దికగా కూర్చున్నదని చూసుకుని, ఇంజను వైపు నుంచి వెనుకకు ఒక్కొక్కటిగా బిగిస్తాడు. తెలియనివాడు ముందు వెనుకను బిగించి తర్వాత ఇంజను దగ్గర బలవంతంగా లాగుతాడు. అప్పుడు వేయి కిలోమీటర్ల కుదుపులకు స్టడ్డు విరగడమో, అతుకు చిట్లడమో తప్పదు. కొండదారిలో అది చిన్న ఆపద కాదు. మా వాడికి దొరికిన మేస్త్రీ తెలిసినవాడే. అరగంటలో పని ముగించాడు.

బండి స్టార్టు చేయగానే గల్లీ అంతా దద్దరిల్లింది. ఎవరూ తల తిప్పి చూడలేదు, వారికి అలవాటే. ఎక్సిలేటర్ వదలినప్పుడల్లా గొట్టంలో చిటపటలు మొదలయ్యాయి. మేస్త్రీ కార్బురేటర్‌లో కొంచెం పెద్ద జెట్ వేసి, స్క్రూ తిప్పి వాటిని తగ్గించాడు.

"ఇంత చప్పుడుతో రోజుకు పది గంటలు ఎలా నడుపుతావు నాయనా?" అని అడిగాను.

"ఊరు దాటాక ఈ చప్పుడు లేకపోతే బండి నడిపినట్టే ఉండదు బాబాయ్. పైగా లారీవాళ్లకు మనం వస్తున్నట్టు తెలుస్తుంది" అన్నాడు.

లారీవాళ్ల సంగతి దేశమంతటా వినిపించే వాదమే. కాని గొట్టం నోరు వెనుకకు ఉంటుంది. మోటారు సైకిలుకు ప్రాణాపాయం ఎక్కువగా ఎదుటి నుంచి, అడ్డదారి నుంచి వస్తుంది. ఎదురుగా వచ్చే లారీ డ్రైవరు తన ఇంజను హోరులో ఉంటాడు. చప్పుడు ముందుగా, పూర్తిగా చేరేది బండి దాటిపోయాక వెనుక మిగిలిన ఊరికే.

గొట్టం లోపలి సంగతి

సైలెన్సర్ చేసే పని ఏమిటో ఒక్క మాటలో చెప్పవచ్చు. సిలిండర్‌లో మండిన వాయువు వాల్వు తెరుచుకోగానే మహా ఒత్తిడితో బయటికి దూకుతుంది. దానిని ఒక్కసారిగా గాలిలోకి వదిలితే తుపాకి పేలినట్లుంటుంది. సైలెన్సర్ దానిని గదులగుండా, చిల్లుల పలకల గుండా మళ్లించి, అలకు అలను ఎదురు నిలిపి, కొంత గాజు ఊలు వంటి పదార్థానికి తాగించి, వేగం తగ్గించి పంపుతుంది. జాలీ తీసివేస్తే ఈ మళ్లింపులు ఉండవు. వాయువుకు అడ్డు తగ్గుతుంది, బండి కొన్ని కిలోలు తేలికపడుతుంది. ఇంజను మీద పని తెలిసినవారు అన్నీ సరిచేసి అమర్చితే కొద్దిపాటి బలం కూడా పెరగవచ్చు. దూరయాత్రికునికి తేలిక గొట్టం వల్ల లాభం లేదని అనలేము.

అయితే నష్టాలు కూడా అదే గొట్టంలో ఉన్నాయి. అడ్డు తగ్గినప్పుడు ఇంధనం, గాలి పాళ్లు మారిపోతాయి. పెట్రోలు పాలు తగ్గితే ఇంజను వేడెక్కుతుంది. దానిని సరిచేయడానికి ఢిల్లీ మైదానంలో పెద్ద జెట్ వేస్తారు. అదే బండి సుమారు 5,350 మీటర్ల ఎత్తున ఉన్న ఖర్‌దుంగ్ లా కనుమకు చేరేసరికి గాలి ఒత్తిడి దాదాపు సగమే మిగులుతుంది. అక్కడ గాలి చాలక, పెట్రోలు ఎక్కువై, ఢిల్లీలో చేసిన సవరణే బండి గొంతు నులుముతుంది. మా వాడు లేహ్ నుంచి ఫోన్ చేసి, కనుమ ఎక్కేటప్పుడు ప్లగ్గు నల్లబడి రెండుసార్లు తుడుచుకోవలసి వచ్చిందని చెప్పాడు. కొత్త బండ్లలో ఆక్సిజన్ సెన్సర్, కంప్యూటరు ఈ లెక్కను కొంతవరకు తామే సవరించుకుంటాయి. కాని కాటలిటిక్ కన్వర్టర్‌ను గొట్టంతోపాటు పీకివేస్తే ఆ బండి వదిలే విషం సంగతి ఏ కంప్యూటరూ సవరించలేదు. చప్పుడు అందరికీ వినపడుతుంది కనుక ఫిర్యాదు వస్తుంది. కంటికి కనపడని వాయువు మీద ఫిర్యాదు కూడా రాదు.

చట్టం పట్టికలో, చెవి వీధిలో

చట్టాలకు మన దేశంలో ఎన్నడూ కొరత లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వ నిబంధన ప్రతి వాహనానికీ సైలెన్సర్ తప్పనిసరి అంటున్నది. పర్యావరణ పరిరక్షణ నిబంధనల ప్రకారం 175 సీసీకి మించిన ద్విచక్ర వాహనం తయారీ దశలో 80 డెసిబెల్‌లకు మించి ధ్వని చేయరాదు. డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు. 80కి, 90కి మధ్య ధ్వనిశక్తి పది రెట్లు పెరుగుతుంది, చెవికి సుమారు రెండింతలుగా తోస్తుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌ల హద్దు విధించాయి. ఆసుపత్రులు, విద్యాలయాలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటించే వీలు కల్పించాయి. ఈ మోటారు సైకిళ్ల గల్లీలకు అనతిదూరంలోనే గంగారాం ఆసుపత్రి ఉన్నదన్నది గమనార్హం.

2019 సవరణ తర్వాత బండిని అనుమతి లేకుండా మార్చిన యజమానికి మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. ధ్వని, వాయు ప్రమాణాలను ఉల్లంఘించే బండిని రోడ్డు మీద నడిపితే మొదటిసారి మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో, కేరళ నుంచి వచ్చిన ఒక వ్యాజ్యంలో స్పష్టం చేసింది. 2021 జూలైలో అలహాబాద్ హైకోర్టు లక్నో బెంచి, మార్చిన సైలెన్సర్ల మోతను తనంతట తానే విచారణకు స్వీకరించింది.

మరి కరోల్ బాగ్ ఎలా వర్ధిల్లుతున్నది? కారణం చట్టం నిర్మాణంలోనే ఉన్నది. అంగడిలో వేలాడుతున్నంతసేపు అది ఉత్త ఇనుప గొట్టం. అది నేరంగా మారేది బండికి తగిలి రోడ్డెక్కినప్పుడే. విడిభాగాలు అమ్మేవారిని శిక్షించే 2019 సవరణ సెక్షను, కేంద్రం కీలక భద్రతా భాగాలుగా నోటిఫై చేసిన వాటికే వర్తిస్తుంది. కనుక అమ్మినవాడు గల్లాపెట్టె దగ్గర చల్లగా కూర్చుంటాడు, కొన్నవాడు నాలుగు రోడ్ల కూడలిలో చిక్కుతాడు. పోనీ చిక్కినవాని మీద నేరం నిరూపించడమైనా సులువా? 80 డెసిబెల్‌ల హద్దు ప్రయోగ మైదానంలో, 7.5 మీటర్ల దూరాన మైకు పెట్టి కొలిచేది. కూడలిలో నిలబడిన కానిస్టేబుల్‌కు ఆ మైదానమూ లేదు, సాధారణంగా ఆ పరికరమూ లేదు. ఆయన కొలమానం ఆయన చెవి. చెవి సాక్ష్యం మీద రాసిన చలాను బేరానికి లోబడుతుంది. బేరం ఎవరితో ఎలా కుదురుతుందో వివరించనక్కరలేదు.

మోటారు వాహనాలు రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలోనివి. చట్టం కేంద్రం చేస్తుంది, అమలు రాష్ట్రాల పోలీసులది. 2019 సెప్టెంబర్‌లో కొత్త జరిమానాలు అమలులోకి రాగానే వాటిలో అనేకాన్ని తగ్గించిన రాష్ట్రాల్లో, కేంద్రంలో అధికారంలో ఉన్న పార్టీయే పాలిస్తున్న గుజరాత్ ముందు వరుసలో నిలిచింది. ఓటరును నొప్పించే శిక్ష ఢిల్లీలో ఎంత గంభీరంగా వినిపించినా, రాష్ట్ర రాజధాని చేరేసరికి దాని గొంతుకు కూడా ఒక సైలెన్సర్ తగులుతుంది.

అందుకే అప్పుడప్పుడు ఒక ప్రదర్శన జరుగుతుంది. పట్టుబడిన గొట్టాలను రోడ్డు మీద వరుసగా పేర్చి, రోడ్డు రోలరుతో తొక్కించి, పత్రికల వారిని పిలుస్తారు. మన తెలుగు నగరాలలోనూ ఈ దృశ్యం చూశాము. ఫొటోలు బాగుంటాయి. మర్నాడు దుకాణం తలుపులు యథాప్రకారం తెరుచుకుంటాయి.

వినపడని కేక

ఇదంతా కుర్రకారు సరదా, దీనికింత చర్చ దేనికని అనుకునేవారు ఉన్నారు. వారికి ఒక వ్యాజ్యాన్ని గుర్తుచేయాలి. 1998లో ఒక ఇంజనీరు సుప్రీంకోర్టులో ప్రజాహిత పిటిషన్ వేశారు. అత్యాచారానికి గురైన 13 ఏళ్ల బాలిక పెట్టిన కేకలు, ఇరుగుపొరుగున మోగుతున్న లౌడ్‌స్పీకరు హోరులో ఎవరికీ వినపడలేదన్న పత్రికావార్త ఆ పిటిషన్‌కు మూలం. ఆ బాలిక ఆ సాయంత్రమే ఒంటికి నిప్పంటించుకుని మరణించింది. ఆ కేసులో 2005 జూలై 18న ప్రధాన న్యాయమూర్తి లాహోటీ నాయకత్వాన వెలువడిన తీర్పు, ప్రశాంతంగా జీవించడం 21వ అధికరణం ఇచ్చిన జీవన హక్కులో భాగమని చెప్పింది. భావప్రకటన స్వేచ్ఛ పేరుతో ఇతరుల చెవుల్లోకి బలవంతంగా చొరబడే హక్కు ఎవరికీ లేదన్నది. మోతను మనం చికాకుగా మాత్రమే లెక్కిస్తాము. ఒక్కొక్కప్పుడు అది మరొకరి కేకను మింగివేస్తుంది.

గల్లీలో పనిచేసే కుర్రవాళ్ల సంగతి కూడా ఎవరూ తలచుకోరు. 85 డెసిబెల్‌ల ధ్వనిలో రోజుకు 8 గంటలు మించి పనిచేయరాదని, ఆపైన ప్రతి 3 డెసిబెల్‌లకు ఆ సమయం సగానికి తగ్గించాలని వృత్తి ఆరోగ్య నిపుణులు సూచిస్తారు. జాలీ తీసిన గొట్టం పక్కన చెవి ఆన్చి, రోజుకు పదిసార్లు ఎక్సిలేటర్ తిప్పి చూసే పదిహేడేళ్ల సహాయకునికి ఆ సూచన చేరవేసేవారెవరు? బండి యజమాని లేహ్ వెళ్లి వస్తాడు. ఆ కుర్రవాడు అక్కడే ఉంటాడు.

దారి లేకపోలేదు

యూరప్ దేశాలలో మార్పిడి సైలెన్సర్లను నిషేధించలేదు. ఐక్యరాజ్యసమితి ఆర్థిక సంఘం 92వ నియంత్రణ కింద వాటిని పరీక్షించి, నెగ్గిన గొట్టం మీద ముద్ర వేస్తారు. కొనేవాడూ పోలీసూ చూసేది ఆ ముద్రనే. ఎవరి చెవినీ నమ్మనక్కరలేదు. అటువంటి ముద్ర ఇక్కడా తప్పనిసరి చేసి, ముద్రలేని గొట్టాన్ని అమ్మడమే నేరమంటే కరోల్ బాగ్ మూతపడదు. ఆ మేస్త్రీల నేర్పు చట్టబద్ధమైన సరకు మీదకు మళ్లుతుంది. కాందిశీకుల బిడ్డలు కట్టుకున్న బజారును రోలరుతో తొక్కించవలసిన పని ఉండదు.

కాని ఈ సలహా వినవలసినవారి తీరు వేరు. కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ 2021లో, వాహనాల హారన్లు వేణువు, తబలా వంటి భారతీయ వాద్యాల ధ్వనులు పలికేలా చట్టం తెచ్చే ఆలోచన ఉన్నదన్నారు. మోతను తగ్గించడం కన్నా దానికి రాగం కట్టడం సులభమని పాలకులకు తోచడం సహజం. 2017 మే 1 నుంచి నాయకుల కార్ల మీద ఎర్ర బుగ్గలు తొలగించారు, మంచిదే. కాని చప్పుడుతో దారి చేయించుకోవడం ఘనత అన్న భావన బుగ్గతో పాటు పోలేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎన్నికల వేళ జరిగే మోటారు సైకిళ్ల ర్యాలీలను ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి. జెండా రంగు ఏదైనా, సైలెన్సర్ పీకిన బండి ఎంత ఎక్కువగా మోగితే అభ్యర్థికి అంత బలం ఉన్నట్లు లెక్క. ఆ ఊరేగింపులో వెళ్లిన కుర్రవాడే మర్నాడు కూడలిలో పదివేల చలానుకు చేయి చాచవలసివస్తే, నిన్న గౌరవమైనది నేడు నేరమెట్లా అయిందని అడుగుతాడు. ఆ ప్రశ్నకు మన పార్టీలలో ఏ ఒక్కదాని వద్దా జవాబు లేదు.

సైలెన్సర్ ఊడదీసిన బండితో మా ఊరేగింపునకు రావద్దని ఒక్క పార్టీ అయినా తన కార్యకర్తలకు ఉత్తర్వు ఇచ్చి, దానిని అమలు జరిపి చూపిస్తే, పార్లమెంటు చేయబోయే మరొక సవరణ కన్నా అది ఎక్కువ పని చేస్తుంది.